'మా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది సార్!'

విండోస్, మ్యాక్, లినక్స్... మూడింటిలోనూ పనిచేసే డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను ఒక్కటైనా సొంతంగా పూర్తిచేసి చూపించగలిగితే ఫ్రెషర్ రెజ్యూమెకు బరువు పెరుగుతుంది. టూల్ నేర్చుకోవడం ఇందులో సగం పనే. మిగతా సగం ఏమిటో, దాన్ని ఎలా సాధించాలో చూద్దాం.

ఫైనలియర్ ప్రాజెక్టు వైవా జరుగుతోందనుకుందాం. నలుగురు స్నేహితులు కలిసి పైథాన్‌లో హాస్టల్ మెస్ లెక్కల అప్లికేషన్ తయారుచేశారు. ఎవరు ఎన్ని రోజులు తిన్నారు, నెలకు ఎంత కట్టాలి, ఎవరి బాకీ ఎంత... అన్నీ చూపిస్తుంది. వాళ్ల విండోస్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. ఎగ్జామినర్ పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, ల్యాబ్‌లో ఉబుంటు ఉన్న సిస్టమ్‌లో ప్రోగ్రామ్ నడిపించారు. లోగో రాలేదు. డేటా ఫైలు దొరకలేదంటూ ఎర్రర్ వచ్చింది. 'మా ల్యాప్‌టాప్‌లో నడుస్తోంది సార్!' అన్నారు నలుగురూ ఒకేసారి.

వైవాలో ఈ మాటతో ఎలాగోలా గట్టెక్కొచ్చు. ఇంటర్వ్యూలో కుదరదు. కంపెనీ రాసే సాఫ్ట్‌వేర్ చివరికి నడవాల్సింది మనకు ముక్కూమొహం తెలియని యూజర్ కంప్యూటర్‌లో కదా!

ఇంతకీ అక్కడ జరిగిందేమిటి? రెండు చిన్న పొరపాట్లు. లోగో ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది; ప్రోగ్రామ్‌లో దాన్ని చిన్న అక్షరంతో రాశారు. విండోస్ మామూలుగా ఈ తేడాను పట్టించుకోదు. లినక్స్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇక డేటా ఫైలు పాత్‌లో ఫోల్డర్ల మధ్య బ్యాక్‌స్లాష్ పెట్టారు. లినక్స్, మ్యాక్‌లలో అక్కడ ఉండాల్సింది ఫార్వర్డ్ స్లాష్. రెండూ కలిపి పది నిమిషాల్లో సరిచేయగలిగినవే. కానీ ఇలాంటివి ఉంటాయని ముందే తెలియాలి. ఆ తెలియడమే క్రాస్ ప్లాట్‌ఫామ్ డెవలపర్‌కు అసలు అర్హత.

డెస్క్‌టాప్‌కు ఇంకా పని ఉందా?

'అందరూ వెబ్, మొబైల్ అంటుంటే ఇప్పుడు డెస్క్‌టాప్ ఎందుకు?' అనే సందేహం సహజమే. వెబ్ డెవలపర్ పేరుతో వచ్చినన్ని ఉద్యోగ ప్రకటనలు డెస్క్‌టాప్ డెవలపర్ పేరుతో రావన్నదీ నిజమే. అయితే మీరు రోజూ వాడేవే ఒకసారి చూడండి. కోడ్ రాసే విజువల్ స్టూడియో కోడ్, సినిమాలు చూసే వీఎల్‌సీ, ఉబుంటు ప్రాక్టీస్ చేసే వర్చువల్‌బాక్స్, టెలిగ్రామ్ డెస్క్‌టాప్... అన్నీ మూడు సిస్టమ్స్‌లోనూ దొరికేవే. యానిమేషన్ స్టూడియోల్లో వాడే మాయా, బ్లెండర్ కూడా అంతే.

నెట్ లేకపోయినా పని ఆగకూడని చోట, ప్రింటర్, స్కానర్, యూఎస్‌బీ పరికరాలతో నేరుగా మాట్లాడాల్సిన చోట, భారీ ఫైళ్లతో పని ఉన్న చోట డెస్క్‌టాప్ అప్లికేషనే సౌకర్యం. ఇంజినీరింగ్ డిజైన్, వైద్య పరికరాలు, ల్యాబ్ యంత్రాలు, ఆడియో-వీడియో ఎడిటింగ్ ఈ కోవలోకి వస్తాయి. జాబ్ పోర్టళ్లలో 'డెస్క్‌టాప్ డెవలపర్' అని మాత్రమే వెతికితే తక్కువ కనిపిస్తాయి. క్యూటీ, ఎలక్ట్రాన్, డాట్‌నెట్, సీ ప్లస్ ప్లస్ జీయూఐ వంటి పదాలతోనూ వెతకండి.

ఏ దారి ఎంచుకోవాలి?

ఒకసారి రాస్తే అన్నిచోట్లా నడవాలన్న కోరిక కొత్తది కాదు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను ఈ నినాదంతోనే తెచ్చింది. అంతకుముందే, 1991లో నార్వేకు చెందిన ఇద్దరు ఇంజినీర్లు క్యూటీ రాయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఎన్నో టూల్స్ వచ్చినా దారులు ప్రధానంగా మూడే.

మొదటిది: బటన్, మెనూ, టెక్స్ట్ బాక్స్... అన్నిటినీ టూలే సొంతంగా గీయడం. క్యూటీ, ఫ్లటర్ ఈ రకం. ఎక్కడైనా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. వేగంగానూ ఉంటుంది.

రెండోది: వెబ్ పేజీనే అప్లికేషన్‌గా మార్చడం. గిట్‌హబ్‌లో 2013లో పుట్టిన ఎలక్ట్రాన్ ఈ రకం. క్రోమియం బ్రౌజర్‌ను, నోడ్ జేఎస్‌ను కలిపి అప్లికేషన్‌లోనే పెట్టేస్తుంది. వెబ్ తెలిసినవారికి ఇది చాలా సులువు. విజువల్ స్టూడియో కోడ్, స్లాక్, డిస్కార్డ్ దీంతో తయారైనవే. చిక్కు ఏమిటంటే ఖాళీ అప్లికేషన్ కూడా ఇన్‌స్టాల్ చేశాక 100 ఎంబీ దాటిపోతుంది. మెమరీ కూడా ఎక్కువే తీసుకుంటుంది. 2022లో 1.0 వెర్షన్ విడుదలైన టౌరీ దీనికి మరో దారి చూపింది. సొంత బ్రౌజర్‌ను మోయకుండా, సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది. సైజు బాగా తగ్గుతుంది. కానీ విండోస్, మ్యాక్, లినక్స్‌లలో వెబ్‌వ్యూలు వేర్వేరు కాబట్టి పేజీ మూడుచోట్లా ఒకేలా వచ్చిందో లేదో చూసుకోవాలి. వెనుక భాగానికి రస్ట్ భాష కూడా కొంత తెలియాలి.

మూడోది: ఆయా సిస్టమ్‌లోని అసలు బటన్లు, మెనూలనే పిలిచి వాడుకోవడం. 1992లో మొదలైన డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్, 2022లో వచ్చిన డాట్‌నెట్ మావీ ఈ దారిలో వెళ్తాయి. యూజర్‌కు తన సిస్టమ్‌కు అలవాటైన రూపమే కనిపిస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి... మావీకి లినక్స్‌లో అధికారిక మద్దతు లేదు. సీ షార్ప్‌తో లినక్స్ కూడా కావాలంటే అవలోనియాను చూడొచ్చు.

ఏది మంచిదంటే? మీకు ఇప్పటికే వచ్చిన భాషకు దగ్గరగా ఉన్నదే. సీ ప్లస్ ప్లస్ లేదా పైథాన్ వస్తే క్యూటీ. జావాస్క్రిప్ట్ వస్తే ఎలక్ట్రాన్. మొబైల్ కోసం డార్ట్ నేర్చుకుని ఉంటే ఫ్లటర్. సీ షార్ప్ అయితే అవలోనియా. జావా అయితే జావాఎఫ్‌ఎక్స్. కోట్లిన్ అయితే కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్. నెలకో టూల్ మారుస్తూ పోతే ఏదీ పూర్తికాదు.

పైథాన్‌తో క్యూటీ వాడేవారు లైసెన్సు సంగతీ తెలుసుకోవాలి. పైక్యూటీకి జీపీఎల్ లేదా డబ్బు కట్టి తీసుకునే లైసెన్సు ఉంటాయి. పైసైడ్ ఎల్‌జీపీఎల్ కింద కూడా దొరుకుతుంది. కోడ్ బయటపెట్టకుండా అమ్మాలనుకునే కంపెనీకి ఈ తేడా పెద్దదే. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పగలిగితే మీరు డాక్యుమెంటేషన్ చదువుతారని ప్యానెల్‌కు అర్థమవుతుంది.

తేడాలు దాక్కునేది ఇక్కడే

టూల్ ఏదైనా కొన్ని తేడాలను అది దాచలేదు. మన మెస్ లెక్కల అప్లికేషన్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

డేటా ఎక్కడ దాచాలి: ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే డేటాబేస్ ఫైలు పెట్టేయడం విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు. విండోస్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయ్యాక, మామూలు యూజర్‌కు అక్కడ రాసే అనుమతి ఉండదు. విండోస్‌లో యాప్‌డేటా, మ్యాక్‌లో లైబ్రరీ లోపలి అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ లోపలి దాపుడు ఫోల్డర్లు... ఇలా ప్రతి దానికీ ఒక చోటు ఉంది. ఆ చోటు ఏదో అడిగి తెలుసుకునే ఫంక్షన్ చాలా టూల్స్‌లో ఉంటుంది. పాత్‌ను చేత్తో రాయకుండా దాన్నే వాడాలి.

ఫైలు పేర్లు: విండోస్‌లో 'కాన్', 'నల్' వంటి ఇంగ్లిష్ పేర్లు సిస్టమ్ కోసం కేటాయించినవి. ఫైలు పేరులో కోలన్, ప్రశ్నార్థకం కుదరవు. లినక్స్‌లో ఇవన్నీ కుదురుతాయి. బిల్లు ఫైలు పేరులో సమయాన్ని కోలన్‌తో పెడితే లినక్స్‌లో సేవ్ అవుతుంది, విండోస్‌లో అవ్వదు.

తెరిచి ఉన్న ఫైలు: వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉన్న ఫైలును తొలగించబోతే విండోస్ సాధారణంగా ఒప్పుకోదు. లినక్స్ ఒప్పుకుంటుంది. పాత బిల్లును తీసేసి కొత్తది రాసే కోడ్ ఇక్కడే దెబ్బతింటుంది.

కీబోర్డ్, విండో అలవాట్లు: విండోస్‌లో కంట్రోల్-ఎస్ అయితే మ్యాక్‌లో కమాండ్-ఎస్. మెనూ విండోస్‌లో కిటికీ లోపల ఉంటే, మ్యాక్‌లో తెర పైభాగాన ఉంటుంది. మ్యాక్‌లో చివరి విండో మూసినా చాలా అప్లికేషన్లు ఆగిపోవు. యూజర్ 'క్విట్' అంటేనే ఆగుతాయి. ఎలక్ట్రాన్ నేర్చుకునేవారు మొదటి పాఠంలో 'డార్విన్ కాకపోతే ఆపేయ్' అనే కోడ్‌ను కాపీ చేసుకుంటారు. డార్విన్ అంటే మ్యాక్ సిస్టమ్‌కు పునాది పేరు. ఆ కోడ్ ఎందుకుందో అడిగితే ఎంతమంది చెప్పగలరు? మీరు చెప్పగలగాలి.

తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

మెస్ అప్లికేషన్‌లో విద్యార్థుల పేర్లు తెలుగులో పెట్టండి. మూడు సిస్టమ్స్ తేడాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి గుర్తుందా? 'జ్ఞా' రూపంలో కనిపించే ఒక తెలుగు అక్షర కూర్పు ప్రపంచమంతా వార్తల్లోకి ఎక్కింది. కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం మధ్యలో ఉన్న ఆ కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో, మ్యాక్‌లలో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో, మ్యాక్‌కు మరో అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోంచే ఒక తెలుగు అక్షరం జారిపోయింది. తెలుగు చదవడం, రాయడం వచ్చిన టెస్టర్‌గా, డెవలపర్‌గా మీ దగ్గర ఉన్న అదనపు బలం ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మీ అప్లికేషన్‌లో చూసుకోవాల్సినవి ఇవీ:

- పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, ఇప్పటివరకు ఎక్కువగా వాడుతున్న వెర్షన్లు విండోస్‌లో సిస్టమ్‌కు తగిన పాత ఎన్‌కోడింగ్‌ను తీసుకుంటాయి. తెలుగు పేరు రాయగానే ఎర్రర్ వస్తుంది. లినక్స్‌లో అదే కోడ్ నడుస్తుంది. యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడమే మందు.

- లెక్కలను సీఎస్‌వీ ఫైలుగా ఇస్తే, విండోస్‌లో ఎక్సెల్‌తో తెరిచినప్పుడు తెలుగు పేర్లు పిచ్చిగీతల్లా కనిపించొచ్చు. ఫైలు మొదట్లో 'బామ్' అనే చిన్న గుర్తు ఉంటే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8గా గుర్తిస్తుంది.

- విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో నోటో లేదా లోహిత్... తెలుగు ఫాంట్లు వేరు. వెడల్పు, ఎత్తు మారి ఒత్తులు కింద తెగిపోతుంటాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఓపెన్ లైసెన్సు ఫాంట్‌ను అప్లికేషన్‌తోపాటే ఇవ్వండి. వరుసల ఎత్తును పిక్సెళ్లలో బిగించేయొద్దు.

- మనకు 'జ్ఞా' ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు జ, పొల్లు, ఞ, దీర్ఘం కలిపి నాలుగు సంకేతాలు. పేరును పది సంకేతాల దగ్గర కత్తిరిస్తే అక్షరం మధ్యలో విరిగిపోవచ్చు.

మ్యాక్ లేదే... ఎలా?

చాలామంది విద్యార్థులకు ఇదే పెద్ద అడ్డంకి. లినక్స్‌కు ఖర్చు లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు వేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ చేయొచ్చు. మ్యాక్ సంగతి వేరు. ఆపిల్ లైసెన్సు ప్రకారం ఆ సిస్టమ్‌ను ఆపిల్ కంప్యూటర్‌లోనే నడపాలి. అడ్డదారుల జోలికి వెళ్లొద్దు.

దీనికి మంచి మార్గం గిట్‌హబ్ యాక్షన్స్. మీ కోడ్‌ను పబ్లిక్ రిపాజిటరీలో పెడితే విండోస్, ఉబుంటు, మ్యాక్ యంత్రాల మీద ఉచితంగా బిల్డ్ చేసి, టెస్టులు నడిపి పెడుతుంది. ఇది పైథాన్ వాడేవారికి మరీ అవసరం. ఎందుకంటే పైఇన్‌స్టాలర్ ఏ సిస్టమ్ మీద నడిస్తే ఆ సిస్టమ్‌కే ఫైలు తయారుచేస్తుంది. విండోస్‌లో కూర్చుని మ్యాక్ ఫైలు తయారుచేయలేం.

బిల్డ్ అయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. మెనూ ఎలా ఉంది, షార్ట్‌కట్లు పనిచేస్తున్నాయా అన్నది మనిషి చూడాల్సిందే. సీనియర్‌దో, స్నేహితుడిదో మ్యాక్ ఒక గంట అడిగి తీసుకోండి. అదీ కుదరకపోతే రెజ్యూమెలో నిజమే రాయండి: 'విండోస్, ఉబుంటులలో పరీక్షించాను, మ్యాక్‌లో బిల్డ్, ఆటోమేటిక్ టెస్టులు మాత్రమే'. చేయనిది చేశానని రాసి దొరికిపోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఇన్‌స్టాలర్ దాకా వెళితేనే పూర్తయినట్టు

చాలా ప్రాజెక్టులు సోర్స్ కోడ్ దగ్గరే ఆగిపోతాయి. యూజర్‌కు కావాల్సింది డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే అప్లికేషన్. విండోస్‌కు ఈఎక్స్‌ఈ లేదా ఎంఎస్‌ఐ, మ్యాక్‌కు డీఎంజీ, లినక్స్‌కు డెబ్, ఆర్‌పీఎం, యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్... వీటిలో సిస్టమ్‌కు ఒక్కటి చొప్పున తయారుచేసి చూడండి.

అప్పుడు సంతకాల సమస్య ఎదురవుతుంది. డిజిటల్ సంతకం లేని కొత్త ఫైలును తెరవబోతే విండోస్ స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిక చూపిస్తుంది. మ్యాక్‌లో గేట్‌కీపర్ ఇంకా కఠినం; యూజర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అనుమతిస్తే తప్ప తెరవనివ్వదు. ఆపిల్ ఆమోదం కావాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టి డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరాలి. విద్యార్థి ప్రాజెక్టుకు అంత ఖర్చు అక్కర్లేదు. కానీ 'సంతకం ఎందుకు, లేకపోతే యూజర్‌కు ఏం కనిపిస్తుంది?' అని అడిగితే జవాబు తెలిసి ఉండాలి.

2020 నుంచి వచ్చిన ఎం సిరీస్ మ్యాక్‌లలో ప్రాసెసర్ కూడా వేరు. పాత ఇంటెల్ మ్యాక్‌లకు, వీటికి విడివిడిగా గానీ, రెండూ కలిపిన యూనివర్సల్ ఫైలుగా గానీ బిల్డ్ చేయాలి.

ఇంటర్వ్యూలో ఏం అడగొచ్చు?

- పెద్ద ఫైలు చదువుతుంటే విండో బిగుసుకుపోతోంది. ఎందుకు? (తెరను నడిపే థ్రెడ్ మీదే బరువైన పని పెట్టడం వల్ల. ఆ పనిని వేరే థ్రెడ్‌కు మార్చి, ఫలితాన్ని మాత్రం మెయిన్ థ్రెడ్‌కు పంపాలి.)

- ఎలక్ట్రాన్‌లో మెయిన్, రెండరర్ ప్రాసెస్‌లు ఎందుకు వేరు? (మెయిన్‌కు సిస్టమ్ మీద పూర్తి అధికారాలు ఉంటాయి. రెండరర్ పేజీని చూపిస్తుంది. పేజీలోకి చొరబడిన చెడు కోడ్ చేతికి ఫైళ్లు చిక్కకుండా మధ్యలో ప్రీలోడ్ స్క్రిప్ట్‌తో కొన్ని పనులకే దారి ఇవ్వాలి.)

- కొత్త వెర్షన్‌లో డేటాబేస్‌కు ఒక కాలమ్ కలిపారు. పాత యూజర్ల డేటా ఏమవుతుంది? (డేటాబేస్ వెర్షన్ నంబరు దాచుకుని, మొదటిసారి తెరిచినప్పుడు బ్యాకప్ తీసి మార్చాలి.)

- ఈ టూలే ఎందుకు ఎంచుకున్నారు? ('ట్రెండింగ్‌లో ఉంది' అన్నది జవాబు కాదు. సైజు, భాష, లైసెన్సు, యూజర్ల కంప్యూటర్లు... వీటితో చెప్పాలి. ఆఫీసులో 4 జీబీ ర్యామ్ సిస్టమ్సే ఉంటే మీ ఎంపిక మారుతుందా?)

ఎనిమిది వారాల ప్రణాళిక

సెమిస్టర్ చదువు పాడవకుండా రోజుకు గంటన్నర కేటాయిస్తే చాలు.

1, 2 వారాలు: మీ భాషకు తగిన టూల్ ఒకటి ఎంచుకుని, దాని అధికారిక పాఠాలు పూర్తిచేయండి.

3, 4 వారాలు: చిన్న అప్లికేషన్ రాయండి. మెస్ లెక్కలు, ఊళ్లో కిరాణా కొట్టు బాకీల పుస్తకం, ట్యూషన్ ఫీజులు... అసలు యూజర్ ఒక్కరైనా ఉండే పని అయితే మంచిది. డేటాకు ఎస్‌క్యూలైట్ సరిపోతుంది.

5వ వారం: లినక్స్‌లో నడపండి. కనిపించిన ప్రతి తేడానూ, సరిచేసిన తీరునూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

6వ వారం: తెలుగు పేర్లు, 125%, 150% స్కేలింగ్ ఉన్న తెరలు, నెట్ లేని స్థితి... అన్నీ పరీక్షించండి.

7వ వారం: గిట్‌హబ్ యాక్షన్స్‌తో మూడు సిస్టమ్స్‌కూ బిల్డ్, ఇన్‌స్టాలర్లు.

8వ వారం: కంప్యూటర్ అంతగా రాని ఒకరికి ఇచ్చి ఇన్‌స్టాల్ చేయమనండి. పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ పని మిగిలి ఉన్నట్టు.

ఐదో వారంలో మొదలుపెట్టిన నోట్‌బుక్‌ను మాత్రం పారేయొద్దు. 'మీ ప్రాజెక్టులో ఎదురైన కష్టమేమిటి?' అని ఇంటర్వ్యూలో తప్పక వినిపించే ప్రశ్నకు అందులోని ప్రతి పేజీ ఒక జవాబు. ఈసారి ప్యానెల్ పెన్‌డ్రైవ్ అడిగితే తడుముకోనక్కర్లేదు. 'మీ దగ్గర ఏ సిస్టమ్ ఉంది సార్?' అని మీరే అడగొచ్చు.